నేను బాగుచేసిన ఒకే ఒక్క వస్తువు

పోయిన శనివారం మా అమ్మాయి లాఫ్ట్‌లోంచి ఒక అట్టపెట్టె దింపుకొచ్చి హాల్లో కార్పెట్ మీద బోర్లించింది. ఎందుకూ పనికిరాని ఛార్జర్లు, చెయ్యి విరిగిన బొమ్మ, నా పాత ఆఫీసు బ్యాడ్జీలు, వాటన్నిటి కింద నుంచి నల్లగా, ఇటుకంత బరువుగా ఒక ఇనప పెడల్ జారి బయటికొచ్చింది. పిల్ల ఇప్పుడు బళ్ళో ఏదో బ్యాండులో గిటార్ వాయిస్తోంది, అందుకని చూడగానే పోల్చుకుంది. "డాడ్, ఈజ్ దిస్ యువర్స్? డజ్ ఇట్ స్టిల్ వర్క్?" అంది. దానికి తెలుగంతా అర్థమవుతుంది కాని నోరు తెరిస్తే మాత్రం ఇంగ్లండులో మేముండే రీడింగ్ ఊరి ఇంగ్లీషే వస్తుంది. పనిచేస్తుందనే అన్నాను. అయితే స్క్రూడ్రైవర్ కావాలంది. లోపల దుమ్ము పట్టి ఉంటుందట, తుడవాలట. "అడక్కుండా విప్పకు" అన్నాను, అనవసరంగా గొంతు పెంచి. "ఐ యామ్ ఆస్కింగ్, డాడ్" అని నా వంక వింతగా చూసింది. స్క్రూడ్రైవర్ వెతుకుతానని చెప్పి వంటింట్లోకి పోయి, కెటిల్ పెట్టి, ఏడేళ్ళ కిందటి ఒక చలికాలం గురించి ఆలోచిస్తూ నిలబడ్డాను.

ఈ పెడల్ సంగతి తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. గిటార్‌కీ స్పీకర్‌కీ మధ్య వైరుతో తగిలించి నేల మీద పెట్టుకుంటారు. పాదంతో ముందుకీ వెనక్కీ తొక్కుతుంటే గిటార్ గొంతు తెరుచుకుంటూ మూసుకుంటూ "వా... వా" అంటుంది, పాల కోసం మారాం చేసే పిల్లలాగా. అందుకే దాన్ని వావా పెడల్ అంటారు. ఇంజనీరింగ్ కాలేజీలో నా రూమ్మేట్ దగ్గర ఒకటి ఉండేది. నన్ను ఏనాడూ తొక్కనివ్వలేదు. ఆ కోరిక కడుపులో పెట్టుకుని, పెళ్ళయి, పిల్ల పుట్టి, రీడింగ్‌లో ఉద్యోగంలో స్థిరపడ్డాక, 2011 జులైలో ఒక ఆదివారం కార్ బూట్ సేల్‌లో గడ్డి మీద దుప్పటి పరిచి పాత సామాన్లు అమ్ముకుంటున్న ఒక పెద్దాయన దగ్గర దీన్ని చూశాను. పనిచేస్తుంది కానీ కీచుమంటుంది, ఒక్క చుక్క నూనె వేస్తే చాలు అన్నాడాయన. నేను నమ్మలేదు. నాకు పుట్టుకతోనే అనుమానం కాస్త ఎక్కువ. మా డాక్టరు జబ్బేమీ లేదని చెబితే ఉన్నదేదో దాస్తున్నాడనుకుంటాను. బస్సు సరిగ్గా సమయానికి వస్తే, ఇది ముందు రావలసిన బస్సేమో, ఆలస్యంగా ఇప్పుడొచ్చిందేమో అని ఆలోచిస్తాను. పెడల్‌ని పదిసార్లు తిప్పి చూసి, ఆయన మొహాన్ని ఇంకో పదిసార్లు చూసి, చివరికి కొన్నాను.

ఆయన నిజమే చెప్పాడు. ఇంటికొచ్చి తొక్కితే గిటార్ "వా" అనేలోపల పెడల్ "కీచ్" అంది. తొక్కిన ప్రతిసారీ అంతే. నా భార్య వంటింట్లోంచి వచ్చి ఎలక దూరిందేమోనని సోఫా కిందంతా వెతికి, రేపే ఎలకలు పట్టే కౌన్సిల్‌వాళ్ళకి ఫోన్ చెయ్యమంది. నేనే బాగుచేస్తానన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వుకి కారణం ఉంది. మా ఇంట్లో నేను బాగుచేస్తానన్న వస్తువులన్నీ బాగుచేస్తానన్న దశలోనే ఏళ్ళ తరబడి ఉండేవి. వంటింటి అల్మారాలో కుట్టుమిషన్ నూనె సీసా ఉంది, ముక్కు సన్నగా పొడుగ్గా ఉండే చిన్న ప్లాస్టిక్ సీసా. అది తీసుకుని, పెడల్ రెండు పక్కలా ఇరుసుల దగ్గర, అడుగున కనిపించిన సందుల్లో పోశాను. ఒక్క చుక్కతో మనకు తృప్తి ఉండదు కదా, సగం సీసా వంచాను. ఆ నెలంతా నాకు హే ఫీవర్, ముక్కు మూసుకుపోయి కంట నీళ్ళు కారుతున్నాయి. అయినా పని పూర్తి చేశాను. తొక్కితే కీచుమనలేదు. గిటార్ ఒక్కటే పలికింది. నా చేత్తో నేను బాగుచేసిన మొదటి వస్తువు అది. ఇప్పటికీ అదొక్కటే. ఆ సాయంత్రం భార్యనీ పిల్లనీ కూర్చోబెట్టి గంటసేపు వాయించి వినిపించాను, ఇద్దరూ ఓర్చుకున్నారు.

ఆ నవంబరులో మా తోడల్లుడు వచ్చాడు. నా భార్య చెల్లెలి భర్త. కార్డిఫ్‌లో అతని ప్రాజెక్టు అయిపోయింది, ఇంకో ఉద్యోగం దొరికేదాకా మా ఇంట్లో ఉంటాడు. ఉద్యోగం ఖాయమైతేనే రాజమండ్రిలో ఉన్న భార్యని పిలిపించుకోగలడు. వయసులో నాకంటే నాలుగేళ్ళు చిన్న, గోదావరి జిల్లా మనిషి, మర్యాద అంటే అంతా ఇంతా కాదు. నేను సోఫాలోంచి లేస్తే తనూ లేచేవాడు. మంచినీళ్ళ గ్లాసు అందిస్తే రెండు చేతులతో పుచ్చుకునేవాడు. ప్రతి మాటకీ ముందొక "ఆయ్", వెనకొక "అండి". మాది గుంటూరు. మా వైపు కోపం వస్తే కోపంగానే మాట్లాడతాం, ఎదుటివాడికి మా మనసులో ఏముందో తెలిసిపోతుంది. ఇంత మర్యాదగా ఉండే మనిషి లోపల ఏదో పెట్టుకునే ఉంటాడని నాకు మొదటి రోజే అనిపించింది.

అదలా ఉంచి, అతని చేతులు ఊరుకునేవి కావు. వచ్చిన వారంలోనే రెండేళ్ళుగా కారుతున్న స్నానాలగది కుళాయి ఆగిపోయింది. అల్మారా తలుపు సరిగ్గా పడటం మొదలుపెట్టింది. ఇల్లు వేడిచేసే బాయిలర్ రాత్రిళ్ళు మూలగడం మానేసింది. అన్నీ నేను ఆఫీసుకి వెళ్ళినప్పుడే జరిగేవి. సాయంత్రం నేను ఇంటికి రాగానే నా భార్య కొత్తగా ఏది పనిచేస్తోందో చూపించేది, అతను పక్కన నిలబడి "ఏముందండి అన్నయ్యగారూ, వాషరు అరిగిపోయిందంతేనండి" అనేవాడు. ఆదివారం మా అత్తగారు ఫోన్ చేసి, చిన్నల్లుడి చేతిలో విశ్వకర్మ ఉన్నాడని నాతోనే చెప్పారు. పెద్దల్లుడి చేతిలో ఎవరున్నారో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. మా ఇంట్లో ఇక అతను ముట్టుకోనిది నా పెడల్ ఒక్కటే. అది నేను బాగుచేసినది.

ఇంతలో మా ఆఫీసులోనే ఒక ఖాళీ వచ్చింది. నేనే అతని వివరాలు మా మేనేజరుకి ఇచ్చాను, ఆ మాటకొస్తే సంతోషంగానే ఇచ్చాను. ఇంటర్వ్యూ జనవరిలో. ఇక మా ఇంట్లో నా భార్య ఆనందం చూడాలి. అక్కాచెల్లెళ్ళు పెళ్ళిళ్ళయ్యాక ఒక ఊళ్ళో ఉన్నది లేదు. మా వెనక వీధిలో ఒక ఇంటి ముందు టు లెట్ బోర్డు కనిపిస్తే, ఆమె రాత్రి వంట పొయ్యి మీద నుంచి దించగానే వంకాయ కూర గిన్నె మూతపెట్టి చేత్తో పట్టుకుని, కోటు వేసుకుని, ఆ ఇంటి గుమ్మం దాకా నడిచి తిరిగొచ్చింది. మూత తీసి ఆవిరి చూపించి, "చూశారా, చల్లారలేదు. రోజూ పంపొచ్చు" అంది. తోడల్లుడు "ఆయ్, వదినగారు వెళ్ళి రావడానికే చల్లారలేదంటే, ఒక్క వైపు నడకకి ఇంకా వేడి వేడిగానే ఉంటుందండి" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

డిసెంబరు మధ్యలో పెడల్ బిగుసుకుపోయింది. నా గిటార్ సామాను వెనక గాజుగదిలో, అంటే కన్సర్వేటరీలో ఉండేది. అక్కడ హీటరు వెయ్యడం నాకు ఇష్టం ఉండదు, చలికి పళ్ళు టకటకలాడేవి. ఆ రోజు పాదం పెట్టి నొక్కితే పెడల్ సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. బలంగా తొక్కితే మొండికేసి దిగింది, మళ్ళీ పైకి రాలేదు. కీచుమనడం లేదు, అసలు కదలడమే లేదు. అయిదు నెలలు వెన్నలా నడిచిన వస్తువు. ఈ అయిదు నెలల్లో ఈ ఇంట్లోకి కొత్తగా వచ్చిందెవరు. ఇంట్లో ఊరుకోని చేతులు ఎవరివి. నేనొక్కటి బాగుచేస్తే అదీ చెడిపోతే ఎవరికి సంతోషం. ఈ మూడు ప్రశ్నలకీ ఒకే మనిషి సరిపోయాడు.

రుజువు లేకుండా మాట్లాడే రకం కాదు నేను. ఆ రోజు నుంచి నిఘా పెట్టాను. పెడల్‌ని నేల మీది పలక అంచుకి సరిగ్గా ఆనించి పెట్టి, దాని పక్కనే ఒక బియ్యపుగింజ ఉంచాను. మర్నాడు గింజ లేదు. అది శుక్రవారం, శుక్రవారాలు మధ్యాహ్నం నా భార్య అక్కడ హూవర్ మిషన్‌తో దుమ్ము లాగుతుందన్న సంగతి నాకు తెలియనిది కాదు, కాని అనుమానం వచ్చాక అలాంటి సంగతులు గుర్తు రావు. అతను నాకంటే ముందు లేచి గాజుగదిలో ఏం చేస్తున్నాడో చెవి రిక్కించి వినేవాణ్ణి. భోజనాల దగ్గర "ఈమధ్య వాయించడం లేదేంటండి అన్నయ్యగారూ" అని అతను అడిగితే, ఆ అడగడంలో ఏదో ఉందనిపించేది. తీరిక లేదని చెప్పి, అతని మొహం చూసేవాణ్ణి. మొహంలో మర్యాద తప్ప ఏమీ కనిపించేది కాదు. అదే నన్ను కాల్చుకుతినేది.

జనవరిలో ఇంటర్వ్యూ అయింది, బాగా చేశాడని విన్నాను. ఆ తర్వాతి శనివారం నేను గోధుమపిండి బస్తా తేవడానికి వెళ్ళి, కొట్టు మూసి ఉంటే అరగంటలోనే తిరిగొచ్చాను. గాజుగదిలో తోడల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ముందు న్యూస్‌పేపరు, దాని మీద నా పెడల్ బోర్లా ఉంది. అడుగు రేకుకి మూడు స్క్రూలు బిగించి నాలుగోది బిగిస్తున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడి, పక్కనున్న టిష్యూ కాగితాల ఉండని గబుక్కున జేబులో కుక్కాడు. "ఏం లేదండి అన్నయ్యగారూ, ఊరికే చూస్తున్నానండి" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నాలుగో స్క్రూ కూడా బిగించేసి, "మీకు వీలున్నప్పుడు ఓసారి విప్పి చూసుకోండి" అన్నాడు. ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. నా పెడల్ నేను విప్పి చూసుకోవాలట. పాడుచేసింది తనూ, చూసుకోవలసింది నేనూ. సరేనన్నాను. ఛస్తే విప్పకూడదని ఆ క్షణమే మనసులో అనుకున్నాను. విప్పి చూస్తే నిజం అప్పుడే తెలిసి ఉండేది కదా అని మీరు అడగొచ్చు. నిజం తెలుసుకోవాలన్న కోరిక అప్పటికి నాకు లేదు. తెలిసిపోయిందనే అనుకున్నాను.

సోమవారం మా మేనేజరు నన్ను పక్కకి పిలిచాడు. మా ఆఫీసు పని ఏమిటో చెబితేగాని తర్వాత జరిగింది అర్థం కాదు. దేశమంతా ఉన్న దుకాణాల్లో బిల్లులు కొట్టే సిస్టమ్‌ని నడిపించడం మా పని. నడుస్తున్నదాన్ని ఎవరూ ముందు అడక్కుండా ముట్టుకోకూడదు. అక్కడ అంతకంటే పెద్ద నియమం లేదు. ఒకడు ఒకసారి మంచికే పోయి ఏదో సరిచేస్తే సగం దేశంలో దుకాణాలు పూటంతా మూతపడ్డాయి. మేనేజరు నన్ను ఒకటే అడిగాడు, మీవాడు కదా, నువ్వయితే ఇతన్ని తీసుకుంటావా అని. నేను వెంటనే అవుననలేదు. కాఫీ కప్పులోకి చూశాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, ఆ రోజూ చెప్పలేదు. చాలా పనిమంతుడు, కాకపోతే అడక్కుండా వస్తువులు ముట్టుకుంటాడు అన్నాను. ఆయన తలూపి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు. మొత్తం కలిపి అర నిమిషం పట్టి ఉంటుంది.

ఉద్యోగం రాలేదు. ఆ వార్త ఫోన్‌లో విని, తోడల్లుడు గాజుగదిలోంచి లోపలికొచ్చి "పర్లేదండి వదినగారూ" అన్నాడు. నా భార్య నాకంటే ఎక్కువ ఏడ్చింది అనబోయాను, నేనసలు ఏడవలేదు. తర్వాత ఆరు వారాలు అతను మా ఇంట్లోనే ఉన్నాడు. నేను లేస్తే లేచేవాడు, గ్లాసు రెండు చేతులతోనే పుచ్చుకునేవాడు. చివరికి ఎడిన్‌బర్గ్‌లో ఉద్యోగం వచ్చింది. స్టేషన్‌లో నాకు పాదాభివందనం చెయ్యబోతే పట్టుకుని ఆపాను. వేసవికి మా మరదలు రాజమండ్రి నుంచి తిన్నగా అక్కడికే వచ్చింది. అక్కాచెల్లెళ్ళ మధ్య ఆరు గంటల రైలు ప్రయాణం. వెనక వీధిలో ఆ ఇంట్లోకి ఎవరో పోలిష్ దంపతులు దిగారు. అతను వెళ్ళిన మర్నాడు పెడల్ తొక్కి చూశాను. కొత్తదానిలా కదిలింది, కీచుమనలేదు, ఎక్కడా పట్టుకోలేదు. చూశావా, మనిషి అటు వెళ్ళాడో లేదో ఇది ఇటు బాగైంది అనుకున్నాను. నా అనుమానం నిజమైనందుకు సంతోషం కూడా వేసింది. ఇప్పుడు రాయడానికే సిగ్గుగా ఉంది.

మళ్ళీ చలికాలం వచ్చింది. పక్క గేటు కీచుమంటోంది. ఒక వస్తువు బాగుచేసిన అనుభవం ఉంది కదా, వంటింటి కిటికీ గట్టు మీదున్న కుట్టుమిషన్ నూనె సీసా తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. బయట గడ్డి మీద మంచు. సీసా వంచితే చుక్క పడలేదు. నొక్కాను, రాలేదు. రెండు చేతులతో గట్టిగా పిండితే ముక్కులోంచి తెల్లగా, గట్టిగా, పళ్ళ పేస్టులాంటిది పురుగులా బయటికొచ్చింది. ఈసారి నాకు హే ఫీవర్ లేదు. వాసన చూశాను. రోజూ మా ఇంట్లో మా అమ్మాయి జడలోంచి వచ్చే వాసనే. లోపలికొచ్చి భార్యని అడిగితే మామూలుగా చెప్పింది. మిషన్ నూనె ఎప్పుడో అయిపోయిందట. దీపంలో పొయ్యడానికి ముక్కు సన్నగా బాగుంటుందని సీసాని మూడుసార్లు వేణ్ణీళ్ళతో కడిగి కొబ్బరి నూనె పోసుకుందట. మిషన్ సీసాతో దేవుడికి దీపమా అని నేనంటానని చెప్పలేదట. మన ఇళ్ళలో ఏ డబ్బా మీద ఏం రాసి ఉందో చూసి అందులో అదే ఉంటుందనుకునేవాడు వెర్రివాడు. ఐస్‌క్రీమ్ డబ్బాలో ఇడ్లీ పిండి, బిస్కెట్ల డబ్బాలో సూదులూ దారాలూ ఉండే కొంపలో పుట్టి పెరిగినవాణ్ణి, ఊరంతటినీ అనుమానించినవాణ్ణి, ఆ ఒక్క సీసానీ నమ్మాను.

నేను ఎండాకాలంలో పోసిన నూనె చలికి గడ్డకట్టింది. అంతే జరిగింది. దాన్ని ఎవరూ పాడుచెయ్యలేదు, నేను తప్ప. మరి ఆ శనివారం అతను విప్పింది పాడుచెయ్యడానికి కాదు, బాగుచెయ్యడానికి. ఇదంతా ఆమె చెబుతుండగానే తట్టింది. వెంటనే ఫోన్ చేసి చెప్పాలి. చెయ్యలేదు. సీసాని చెత్తబుట్టలో అడుగుకి తోసి, పైన కూరల తొక్కలు వేశాను. నూనె సంగతి ఒప్పుకుంటే మేనేజరుతో అన్న మాట ఒప్పుకోవాలి, అది ఒప్పుకుంటే ఆ వంకాయ కూర గిన్నె ముందు నిలబడాలి. పెడల్‌ని అట్టపెట్టెలో పెట్టి లాఫ్ట్ ఎక్కించాను. మళ్ళీ గిటార్ ముట్టుకోలేదు. తీరిక లేదన్నాను, అందరూ నమ్మారు.

నేను టీ కప్పుతో హాల్లోకి వచ్చేసరికి మా అమ్మాయి ఎక్కడిదో స్క్రూడ్రైవర్ సంపాదించి రేకు విప్పేసింది. లోపల శుభ్రంగా ఉంది. పళ్ళ చక్రం మీద పల్చగా గ్రీజు. రేకు లోపలి వైపు తెల్లటి టేపు ముక్క అంటించి ఉంది, దాని మీద నీలం పెన్నుతో గుండ్రటి తెలుగు అక్షరాలు. పిల్లకి తెలుగు చదవడం రాదు. "వాట్ డజ్ ఇట్ సే?" అంది. నేను పైకే చదివాను. "అన్నయ్యగారికి, కొబ్బరి నూనె చలికి గడ్డకడుతుందండి. తుడిచేసి గ్రీజు రాశాను. వదినగారికి చెప్పనులెండి."

అప్పటికప్పుడు ఎడిన్‌బర్గ్‌కి ఫోన్ చేశాను. ఒక చేతిలో రేకు ఉంది, అందుకని స్పీకరు నొక్కేశాను. సంగతి చెప్పగానే అతను పెద్దగా నవ్వాడు. "ఇప్పుడా అండి విప్పడం" అన్నాడు. ఇక ఆగితే మళ్ళీ చెప్పలేనని, మేనేజరుతో నేనన్న మాట ఉన్నదున్నట్టు చెప్పేశాను. అవతల నవ్వు ఆగింది. తర్వాత నెమ్మదిగా, "తెలుసండి అన్నయ్యగారూ. ఎందుకు రాలేదో చెప్పమని ఆయన్ని అడిగానండి, ఆ మాటే చెప్పారు. ఇంకెవరంటారండి ఆ మాట" అన్నాడు. నేను రేకుని టేపు కనపడకుండా బోర్లించాను. "ఆయ్, నిజమే కదండీ. అడక్కుండానే విప్పాను" అన్నాడు. ఆ తర్వాత మా అమ్మాయి చదువు గురించి అడిగాడు. మా మరదలు పక్క గదిలోంచి ఎవరని అడుగుతుంటే, అన్నయ్యగారే, ఊరికే చేశారని చెప్పాడు.

ఫోన్ పెట్టేసి తలెత్తితే గుమ్మంలో నా భార్య ఉంది. చేతిలో గరిటె ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు, విన్నదని మాత్రం తెలిసింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. కిటికీలోంచి వెనక వీధి వైపు కాసేపు చూసింది. "కూర చల్లారేది కాదు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఇంటికి మా గుమ్మం నుంచి మూడు నిమిషాల నడక. నిన్న ఒక్కణ్ణే వెళ్ళి, గడియారం చూసుకుంటూ నడిచొచ్చాను. ఏడేళ్ళ కింద అర నిమిషం నోరు మూసుకుని ఉంటే, ఇన్నేళ్ళూ అక్కాచెల్లెళ్ళ మధ్య ఉండేది ఆ మూడు నిమిషాలే.